ఆఫీసు నుంచి వచ్చి కార్టూన్లు చూస్తే తప్పా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రోజుకు పది గంటల పని, ఇంటికొచ్చేసరికి బుర్ర మొద్దుబారిపోయి పుస్తకం పట్టుకుంటే ఒక పేజీ కూడా కదలదు, అందుకని కాసేపు కార్టూన్లు, కాసేపు చిన్నప్పటి వీడియో గేములు, ఆ తర్వాత పడుకుని ఫోన్లో వీడియోలు, తీరా టైం చూస్తే ఒంటిగంట. "ముప్పై ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఈ చిన్నపిల్లల వేషాలేంటి" అని ఇంట్లో అంటున్నారు, మీకూ లోపల గిల్టీగానే ఉంది, పైగా పొద్దున్న లేస్తే ఒళ్లు తేలికపడినట్టు ఉండట్లేదు. ఇవన్నీ మానేసి పనికొచ్చేది ఏదైనా నేర్చుకోవాలా, మానక్కర్లేదంటే రాత్రిపూట ఆడుకోవడానికి ఏ గేము మంచిది అని అడిగారు.

మానక్కర్లేదు. కాకపోతే మీరు మూడింటినీ ఒకే గాటన కట్టేశారు, చిక్కంతా అక్కడే ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మొదటి రెండూ మిమ్మల్ని కాస్త తేరుకోనిస్తున్నాయి, ఆ తేరుకున్నదంతా మూడోది అర్ధరాత్రి దాకా కూర్చుని ఊడ్చేస్తోంది. పొద్దున్న లేచాక తిట్టు మాత్రం మూడింటికీ సమానంగా పడుతోంది.

నేనేమీ డాక్టర్ని కాదు. పదహారేళ్లు కస్టమర్ కేర్‌లో పనిచేశాను, అందులో తొమ్మిదేళ్లు టీమ్ లీడ్‌ని. మామూలు కాల్స్ నాదాకా వచ్చేవి కావు, కిందివాళ్లు చేతులెత్తేసినవే వచ్చేవి, అంటే అప్పటికే అరగంట హోల్డ్‌లో ఉండి ఉడికిపోతున్న మనిషన్నమాట. ఆ తిట్లలో నా తప్పేమీ లేదని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు, అయినా చెవిలో పడాల్సినవి పడతాయి. షిఫ్టు అయ్యాక హెడ్‌సెట్ తీస్తే చెవి చుట్టూ గుండ్రంగా ఎర్రటి అచ్చు ఉండేది, అది పోవడానికి గంట పట్టేది, ఆ గంటలో ఇంట్లో ఎవరు "ఎలా గడిచింది ఇవాళ" అని అడిగినా కసురుకునేవాణ్ణి. అడగడమే పాపం అన్నట్టు. ఎన్నో ప్రయత్నించాను, వ్యాయామం, ధ్యానం, కొత్త భాష నేర్చుకోవడం (అది పదిహేను రోజులు). చివరికి నిలబడ్డవి మీరు సిగ్గుపడుతున్న ఆ రెండే. కనుక ఇది అనుభవం, దానికి తోడు ఈ విషయం మీద చదివిన నాలుగు ముక్కలు.

ముందు కార్టూన్ల సంగతి. నాకు తెలియకుండానే నేను ఎప్పుడూ మాటల్లేని కార్టూన్లే పెట్టుకునేవాణ్ణి, ఎక్కువగా పాత టామ్ అండ్ జెర్రీ. ఎందుకో చాలా రోజులకు గానీ తట్టలేదు. పొద్దుటి నుంచి మాటలు విని విని అలసిపోయిన చెవికి ఇంకో మనిషి గొంతు, అది ఎంత మంచి కామెడీ అయినా సరే, మళ్లీ పనే. ఆ కార్టూన్లలో సంభాషణ దాదాపు ఉండదు, కథంతా సంగీతం నడుపుతుంది, పిల్లి మెల్లగా అడుగు వేస్తే వాయిద్యం కూడా మెల్లగా అడుగు వేస్తుంది. 1940లో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు మొదలుపెట్టారు, ఆ సిరీస్‌కి మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి, కాబట్టి చిన్నపిల్లల వేషాలు అన్నవాళ్లకు ఈ లెక్క చెప్పొచ్చు. థియేటర్లో సినిమాకు ముందు వేయడానికి తీసినవి కాబట్టి అప్పట్లో వాటిని చూసినవాళ్లలో సగం పెద్దవాళ్లే అయి ఉంటారు.

ఇంకొకటి. ఇస్త్రీ పెట్టె మొహం మీద పడితే మొహం ఇస్త్రీ పెట్టె ఆకారంలోకి మారుతుంది, రెండు సెకన్లలో మళ్లీ మామూలే, ఎవరికీ ఏమీ కాదు, పరుగు కొనసాగుతుంది. మన ఉద్యోగంలో దీనికి పూర్తిగా తలకిందులు కదా, మంగళవారం ఒక మెయిల్‌లో తప్పు దొర్లితే మూడు నెలల తర్వాత అప్రైజల్లో దాని ఊసు వస్తుంది. దెబ్బకు పర్యవసానం లేని లోకంలో ఏడు నిమిషాలు కూర్చోవడం అంటే నాకు భుజాలు దిగినట్టు ఉండేది, నిజంగానే, అప్పటిదాకా బిగించి ఉన్నాయని కూడా తెలిసేది కాదు.

ఏడు నిమిషాలు అన్నాను కదా, ఆ నిడివి గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ఈలోపు ఒక సరదా. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఏడు నిమిషాల కార్టూన్‌లో 10,080 ఫ్రేములు ఉంటాయి. కంప్యూటర్లో యూట్యూబ్ వీడియోని ఆపి కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు కదులుతుంది, కామా నొక్కితే వెనక్కి. ఏదైనా పాత కార్టూన్‌లో పరుగు సన్నివేశం దగ్గర అలా నొక్కి చూడండి. మామూలుగా చూసేటప్పుడు కంటికి ఆనని ఒక ఫ్రేములో కాళ్లు కాళ్లలా ఉండవు, రంగు పూసి చేత్తో పక్కకి లాగేసినట్టు ఉంటాయి, కొన్నిచోట్ల ఒకే జంతువుకి ఆరేడు కాళ్లు గీసి ఉంటారు. ఒకరోజు బాగా తిట్లు పడి వచ్చాక నేను ముప్పావు గంట ఇదే పని చేశాను. వేరే మనిషి ఎవరో ఒక సెకనులో ఇరవై నాలుగో వంతు కోసం అంత శ్రద్ధ పెట్టాడంటే నా రోజు మీద నాకున్న కోపం కాస్త తగ్గింది, ఎందుకని అడిగితే చెప్పలేను.

ఇక గేములు. ఇది కార్టూన్‌లా వెనక్కి వాలి చూసేది కాదు, ఇక్కడ వచ్చే తేలిక వేరు. ఉద్యోగంలో మనిషిని చంపేది పని ఎక్కువవడం ఒక్కటే కాదు, చేసినదానికి ఫలితం కంటికి కనబడకపోవడం. రోజంతా కష్టపడితే సాయంత్రానికి ఇన్‌బాక్స్ పొద్దున్న ఉన్నంతే ఉంటుంది. పాత గేములో గోతిలో పడ్డారనుకోండి, ఎందుకు పడ్డారో అక్కడే తెలుస్తుంది, ఒక అడుగు ముందు దూకారు, అంతే. తప్పు మీదే, కానీ పది సెకన్లలో దిద్దుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. పదోసారికి ఆ గోతిని చూడకుండానే దాటేస్తారు చూడండి, ఆ క్షణం కోసమే నేను ఇన్నేళ్లు ఆడింది.

వాటి కురచతనం కూడా మనకు మేలే చేస్తుంది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో కంపెనీ ఫామికామ్ అనే గేము మెషీన్లో పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. 1985లో దాని మీద వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గేము మొత్తం కలిపి 40 కిలోబైట్లు, ఇప్పుడు మనం ఫోన్లో తీసే ఒక్క ఫోటోలో అలాంటివి పదులకొద్దీ పడతాయి. చోటు చాలక అందులో ఆకాశంలోని మబ్బులకీ, నేల మీది పొదలకీ ఒకే బొమ్మ వాడారు, తెలుపు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. ఒకసారి తెలిశాక ఇక చూడకుండా ఉండలేరు. పైనుంచి దిగే శత్రువుల్ని కాల్చే 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ ఇంకా ముచ్చట, శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు కదా, మొదట్లో అది ఎవరూ అనుకుని పెట్టింది కాదు, గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి ఆ ప్రాసెసర్ మిగతావాటిని తొందరగా కదిలించేసింది, తయారుచేసిన తొమోహిరో నిషికాడో అదే బాగుందని ఉంచేశాడు. ఇంత చిన్న ప్రపంచం కాబట్టే అలసిపోయిన తలలో పడుతుంది. రెండు బటన్లు, ఒక ప్లస్ గుర్తు. ఈకాలం పెద్ద గేములు చెడ్డవని అనను గానీ, నలభై నిమిషాల ట్రైనింగు, ఆయుధాల మెనూలు, చేయాల్సిన పనుల జాబితా, అదంతా నాకు ఇంకో ఆఫీసులో చేరినట్టే ఉంటుంది.

టెట్రిస్ గురించి ఒక మాట చెప్పాలి, పైనుంచి పడే దిమ్మల్ని తిప్పి పేర్చే గేము అది, ఒక వరస ఖాళీ లేకుండా నిండితే చెరిగిపోతుంది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి కలవరపెట్టే ప్రమాద దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత వాళ్లలో కొందరి చేత పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆడినవాళ్లకు ఆ తర్వాతి వారంలో ఆ దృశ్యాలు తమంతట తాము కళ్ల ముందు మెదలడం తక్కువైంది. రంగు దిమ్మల్ని ఎటు తిప్పాలి, ఎక్కడ దించాలి అని చూసుకోవడానికి మెదడులో ఏ సామర్థ్యం కావాలో ఆ దృశ్యం పాతుకోవడానికీ అదే కావాలి, రెండింటికీ ఒకేసారి చోటు చాలదు అని వాళ్ల వివరణ. అది భయంకర దృశ్యాల గురించి చేసిన పని, మేనేజర్ చీవాట్ల గురించి కాదు, నేను కలిపి చెప్పడం లేదు. కానీ బొమ్మలు అమర్చే గేము ఆడుతూ అదే సమయంలో మీటింగులో పడ్డ మాటని తలలో మళ్లీ మళ్లీ తిప్పుకోవడం ఎంత కష్టమో మీరే చూడండి. ఏదో ఒకటి జారిపోతుంది, ఎక్కువగా మీటింగే.

సామగ్రి విషయంలో రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. పాత గేముని కొత్త టీవీకి పెట్టి ఆడితే నొక్కిన బటన్‌కి బొమ్మ ఆలస్యంగా కదిలినట్టు అనిపిస్తే మీ చేతులు ముసలివైపోయాయని అనుకోకండి, టీవీ బొమ్మని మెరుగులు దిద్దడానికి తీసుకునే సమయం అది, సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి, చాలావరకు పోతుంది. అసలు క్యాసెట్లే ఉంటే దయచేసి నోటితో ఊదకండి. మనమందరం ఊదినవాళ్లమే, ఊదితే పనిచేసేది కూడా, కానీ పనిచేయించింది మన ఊపిరి కాదు, తీసి మళ్లీ సరిగ్గా పెట్టడం. ఊపిరిలోని తడికి లోపలి లోహపు పళ్లు తుప్పు పడతాయి. నెట్‌లో దొరికే కాపీలను దించుకోవడం మాత్రం చాలావరకు కాపీరైట్ ఉల్లంఘనే, కంపెనీలే పాత గేముల్ని కలెక్షన్లుగా మళ్లీ అమ్ముతున్నాయి కాబట్టి ఆ దారిలో వెళ్లండి. మరో సంగతి, ఇప్పటి వెర్షన్లలో ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకునే సదుపాయం ఉంటుంది, నేనైతే వాడను. మూడు ప్రాణాలు అయిపోతే గేమ్ ఓవర్ అని రావాలి. అది రావడంలోనే ఉంది మన పని.

ఇప్పుడు అసలు విషయం, మీ ఒంటిగంట సంగతి.

కార్టూన్ ఏడు నిమిషాలకు అయిపోతుంది. గేముకి ప్రాణాలు అయిపోతాయి. చివరే లేదనుకున్న గేములకు కూడా చివర వచ్చింది, ప్యాక్-మ్యాన్‌లో 256వ లెవల్‌కి వెళితే లెవల్ లెక్క దానికిచ్చిన ఎనిమిది బిట్ల మెమరీలో (అందులో 255 దాకానే పడుతుంది) పట్టక తెరలో కుడివైపు సగం అక్షరాల చెత్తగా మారిపోతుంది, ముందుకు దారి ఉండదు. నింటెండో టెట్రిస్‌ని కూడా 2023 డిసెంబరులో ఒక పదమూడేళ్ల పిల్లాడు గేము బిగుసుకుపోయేదాకా ఆడేశాడు. అవి అయిపోయిన చోట మనకో చిన్న ఖాళీ దొరుకుతుంది, తల ఎత్తి గడియారం చూస్తాం, చాల్లే అనుకుంటాం, లేదా ఇంకొకటి అనుకుంటాం, ఏదైనా అనుకోవడం అంటూ జరుగుతుంది. ఫోన్లో వీడియోల వరసలో ఆ ఖాళీని కావాలనే పూడ్చేశారు. పేజీ చివరికి వచ్చి 'తర్వాతి పేజీ' నొక్కాల్సిన అవసరం లేకుండా కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, ఆ తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డాడు. దానికి తోడు ఒక వీడియో అయ్యీ అవకముందే తర్వాతిది దానంతటదే మొదలవుతుంది. మీరు ఆపలేకపోతున్నారంటే మీలో పట్టుదల లేదని కాదు, ఆగే చోటే లేని రోడ్డు మీద ఉన్నారు.

పని అలసట నుంచి మనిషి ఎలా తేరుకుంటాడన్న దాని మీద 2007లో సబీన్ సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అని ఇద్దరు మనస్తత్వవేత్తలు నాలుగు సంగతులు చెప్పారు. మనసు పనినుంచి విడిపోవాలి, ఒళ్లు నెమ్మదించాలి, ఏదైనా ఒకదాన్ని సాధించినట్టు ఉండాలి, ఆ సమయం మన చేతిలో ఉందన్న భావన ఉండాలి. కార్టూన్ రెండోది ఇస్తుంది, గేము మూడోది ఇస్తుంది, రెండూ కొంతవరకు మొదటిది ఇస్తాయి. నాలుగోదే చిక్కు. రోజంతా ఎవరో చెప్పినట్టు నడుచుకుని వచ్చి, రాత్రి కూడా తర్వాత ఏం చూడాలో ఒక యంత్రం చెబితే అదే చూస్తే ఇక మన చేతిలో ఏముంది? అందుకే రెండు గంటలు చూసినా ఏమీ చూడనట్టే ఉంటుంది. నిన్న రాత్రి చూసిన వీడియోల్లో మూడింటి పేర్లు చెప్పండి అని మా టీమ్‌లో ఒకసారి సరదాకి అడిగాను, పదకొండు మందిలో ఒక్కడు చెప్పాడు, వాడు చూసింది కూడా ఒక్కటే.

నేను వీడియోలకు వ్యతిరేకిని కాను. పాత గడియారాన్ని విప్పి బాగుచేసే వీడియో, రైలు ఇంజన్ ముందు కూర్చుని తీసినది, ఒకాయన మాట్లాడకుండా చెక్క మీద చెక్కుతూ ఉండేది, ఇలాంటివి నాకు కార్టూన్లతో సమానం. అయితే చూడాల్సినవి పగలు కనబడినప్పుడు 'వాచ్ లేటర్'లో పడేస్తాను, రాత్రి ఆ జాబితాలోంచి ఒకటో రెండో చూస్తాను, ఆటోప్లే ఆపేసి ఉంటుంది. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదంతా తుడిచేస్తే మొదటి పేజీ దాదాపు ఖాళీగా వస్తుంది, వెతుక్కునే డబ్బా ఒక్కటే. మొదటిరోజు అది చూస్తే కరెంటు పోయిన ఇంట్లోకి వచ్చినట్టు ఉంటుంది. నాలుగు రోజులకు అలవాటవుతుంది. మరీ ముఖ్యంగా, ఫోన్లో కాకుండా టీవీలోనో కంప్యూటర్లోనో చూడండి, పక్క మీదికి దాన్ని తీసుకెళ్లలేరు కదా.

నిద్ర వాయిదా వేసుకోవడం గురించి కూడా. పగలంతా మనది కాకుండా పోయినందుకు రాత్రిని లాక్కోవడం అనేది మీ ఒక్కరికే ఉన్న జబ్బు కాదు, చైనా భాషలో దీనికి 'పగతో మేలుకోవడం' అనే అర్థం వచ్చే మాటే పుట్టింది. నాకు పనిచేసిన మందు ఏమిటంటే వినోదాన్ని ముందుకు జరపడం. ఇంటికి వచ్చీ రాగానే, మిగతా పనులకంటే ముందు, నలభై నిమిషాలు. 'అన్నీ అయ్యాక చూద్దాం' అనుకుంటే అది పదకొండుకి మొదలై మీ నిద్రనే తింటుంది. ఆఫీసు నుంచి బయటపడే ముందు రేపు మొదట చేయాల్సిన పని ఏమిటో ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసి అక్కడే పెట్టేసి రండి. పూర్తికాని పని తలలో తిరుగుతూనే ఉంటుంది, కానీ ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్ణయించుకుంటే చాలావరకు ఊరుకుంటుంది, దీని మీద 2011లో మసికాంపో, బౌమైస్టర్ చేసిన ప్రయోగాలు ఉన్నాయి. నేను పాత కాల్ షీట్ వెనక రాసేవాణ్ణి.

గిల్టీ సంగతికి వస్తే, మీకు దీని మీద నమ్మకం కలగాలని చెబుతున్నాను. 2014లో రైనెక్, హార్ట్‌మన్, ఈడెన్ అనే ముగ్గురు పరిశోధకులు చూసినది ఇది: పనిచేసి బాగా అలసిపోయినవాళ్లే టీవీ చూడటాన్నీ, గేములు ఆడటాన్నీ పని ఎగ్గొట్టడంగా ఎక్కువ లెక్కవేసుకుంటున్నారు, ఆ తప్పు చేస్తున్న భావన వల్ల వాళ్లకు రావాల్సిన విశ్రాంతి తగ్గిపోతోంది. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దక్కుతోంది. కార్టూన్ చూస్తూ "ఈ టైంలో ఒక కోర్సు చేసుకోవచ్చు కదా" అనుకునేవాడు కోర్సూ చేయడు, కార్టూనూ చూడడు. నేను అలా ఒక ఏడాది పైనే గడిపాను.

ఇంట్లోవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఎంతసేపో ముందే చెప్పండి, "ఏడున్నర దాకా నన్ను వదిలేయండి, తర్వాత నేనే వస్తాను" అని, చెప్పిన టైముకి లేచి వెళ్లండి. నేను విన్నంతలో వాళ్ల కోపం కార్టూన్ మీద ఉండదు, మనిషి ఎదురుగా ఉండి కూడా ఎప్పటికి అందుబాటులోకి వస్తాడో తెలియకపోవడం మీద ఉంటుంది. మా ఇంట్లో కొన్నాళ్లకు రెండో కంట్రోలర్ ఇంకొకరి చేతిలోకి వెళ్లింది, ఇప్పుడు నాకు ఆడే వంతే రావడం లేదు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఒకప్పుడు ఇష్టపడినవేవీ రుచించకుండా, కార్టూన్ కూడా గోడను చూస్తున్నట్టే ఉండి, అది రెండు వారాలు దాటి సాగితే అది ఆఫీసు అలసట కాకపోవచ్చు, డాక్టర్‌ని కలవండి. మీరు రాసినదాంట్లో నాకు అలాంటిది కనబడలేదు, మీరు ఇంకా నవ్వుతున్నారు.

గేము అడిగారు కదా, టెట్రిస్ పెట్టుకోండి, పాత నింటెండోదో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్‌దో. అందులో ఎ-టైప్, బి-టైప్ అని రెండు ఉంటాయి. అందరూ ఎ-టైప్ ఆడతారు, అది ఓడిపోయేదాకా సాగుతుంది. మీరు బి-టైప్ తీసుకోండి, 25 వరసలు చెరిపేస్తే గెలిచినట్టే, అక్కడితో అయిపోతుంది. లెవల్ ఎంతైనా పెట్టుకోండి గానీ 'హైట్' అన్నచోట మొదటి వారం సున్నా దాటొద్దు, ఐదు పెడితే సగం డబ్బా ముందే చెత్తతో నిండి వస్తుంది, అలాంటిది మీకు ఆఫీసులో ఎలాగూ ఉంది.